ప్రాంప్టర్ ప్రేక్షకుల వైపు తిరిగితే: నాటకానికి క్యాప్షన్లు వేసేవాళ్ళను ఎలా తయారుచేయాలి

మా మేనమామ ముప్ఫై ఏళ్ళు నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పారు, అంటే నటుడికి మాట తట్టకపోతే చాటు నుంచి అందించే పని. స్టేజి పక్క తెర (వింగ్) చాటున చిన్న పీట వేసుకుని, ఒళ్ళో స్క్రిప్టు, చేతిలో టార్చిలైటు పెట్టుకుని కూర్చునేవారు. ఇప్పుడు డెబ్బై దాటాయి, రెండు చెవులూ బాగా తగ్గాయి. చెవి మిషన్ ఉంది గానీ హాల్లో దాంతో పెద్దగా పని జరగదు. నటుడి మాట, ఫ్యాన్ల హోరు, వెనక వరసలో చిప్స్ ప్యాకెట్ చప్పుడు, అన్నిటినీ కలిపి చెవిలో పోస్తుంది. అయినా విజయవాడ గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయంలో నాటకం ఉందంటే ఆయన్ని ఇంట్లో ఆపలేం. మొదటి వరసలో కూర్చుంటారు. హాలంతా నవ్వినప్పుడు ముందు నా మొహం చూస్తారు, తర్వాత నవ్వుతారు.

ఆ ఆలస్యం చూడలేకే నేను క్యాప్షన్ల సంగతి, అంటే నటుల మాటలను అక్షరాల్లో తెరమీద చూపించడం, పట్టించుకున్నాను. నాటకాలకు మ్యూజిక్ ఆపరేట్ చేసేవాణ్ణి కాబట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సమయానికి బటన్ నొక్కడం నాకు కొత్త కాదు. ఇదీ అలాంటి పనే అనుకున్నాను. దిగాక తెలిసింది, ఇందులో చాలా చిక్కుముళ్ళున్నాయని. ఒక్కొక్కటే విప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు పేర్ల గందరగోళం. సినిమా సబ్‌టైటిల్ అందరికీ తెలుసు. సినిమా ఒకసారి తయారయ్యాక మారదు గనక, ఏ మాట ఏ సెకనులో రావాలో ముందే బిగించేస్తారు. రెండోది సర్‌టైటిల్. 1983లో టొరంటోలో కెనడియన్ ఒపేరా కంపెనీ దీన్ని మొదలుపెట్టింది. భాష రాని ప్రేక్షకులకు పాట అర్థాన్ని రంగస్థలం పైన తెరమీద చూపిస్తారు. వాళ్ళకు చెవులు బాగానే పనిచేస్తాయి గనక సారాంశం చాలు. మూడోది మనకు కావలసిన క్యాప్షన్. నటుడు ఏ భాషలో మాట్లాడితే అదే భాషలో, అన్నమాట అన్నట్టుగా, ఎవరు అన్నారో పేరుతో సహా, తెర వెనక నుంచి వచ్చే చప్పుళ్ళతో సహా చూపించాలి. బ్రిటన్‌లో 2000లో స్టేజ్‌టెక్స్ట్ అనే సంస్థ ఈ పనితోనే పుట్టింది. దాన్ని స్థాపించినవారిలో వినికిడి లేనివారూ ఉన్నారు. క్యాప్షన్లు వేయడానికి అక్కడ ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్ళుంటారు. 2018లో లండన్‌లోని నేషనల్ థియేటర్ కళ్ళద్దాల్లోనే మాటలు కనిపించే ఏర్పాటు కూడా తెచ్చింది. అంత ఖరీదైన వస్తువులు మనకు ఇప్పట్లో అక్కర్లేదు, ఒక తెర చాలు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవాలి. క్యాప్షన్ పెట్టాం కాబట్టి సైగల భాష అక్కర్లేదని అనుకోవద్దు. పుట్టుకతో వినపడని చాలామందికి సైగల భాషే మొదటి భాష. వాళ్ళు తెలుగు చదవడం మనం రెండో భాష చదివినట్టు ఉంటుంది, వేగంగా కదిలే అక్షరాలు వాళ్ళకు కష్టం. మా మామయ్యలాగా తెలుగు వింటూ పెరిగి, వయసులో చెవులు పోగొట్టుకున్నవారికి సైగలు రావు, క్యాప్షనే దిక్కు. ఇద్దరూ మన ప్రేక్షకులే, ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో కళలను వారికి అందుబాటులోకి తేవాలని ప్రభుత్వాలకు స్పష్టంగా చెప్పింది. అదే చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెళ్ళ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 ఉంటే వినికిడి తక్కువవారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట బలం 60 డెసిబెళ్ళకు అటూ ఇటుగా ఉంటుంది. అంటే చట్టం గడప దాకా రావాలంటేనే ఎదురుగా కూర్చుని మాట్లాడే మాట వినపడని స్థితికి చేరాలి. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నట్టు నమోదైనవారు దేశంలో 50 లక్షల పైన. ఇందులో మా మామయ్య లేరని నేను కచ్చితంగా చెప్పగలను. "నాకేమైందిరా, కాస్త మందం అంతే" అంటారాయన. ఆ "కాస్త మందం" వాళ్ళే మన హాళ్ళలో సగం ముందు వరసలు. నాటకాన్ని ఇన్నాళ్ళూ బతికించిన తరం అది.

పని ఎవరికి నేర్పాలి?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది వెంటనే చెప్పే సమాధానం: "కంప్యూటర్ బాగా వచ్చిన కుర్రాణ్ణి చూడండి, లేకపోతే డీటీపీ ఆపరేటర్ని." నేనూ మొదట అలాగే చేశాను, పొరపాటు. ప్రదర్శన జరుగుతుంటే కూర్చుని టైపు చేయడమే ఈ పని అని మన ఊహ. నిజానికి ఆ రోజు ఒక్క అక్షరం కూడా టైపు చేయరు. స్క్రిప్టు మొత్తం ముందే ముక్కలుగా కోసి, స్లైడ్లలో పెట్టి ఉంచుతారు. నాటకం నడుస్తుంటే నటుడు నోరు తెరిచిన క్షణానికి ఒక ముక్క చొప్పున వదులుతారు. ఆరు సెకన్లకు ఒక ముక్క వేసుకున్నా గంట నాటికలో ఆరు వందలసార్లు నొక్కాలి, ప్రతిదీ సమయానికి పడాలి. టైపింగ్ వేగంతో దీనికి సంబంధం లేదు. నటుడి ఊపిరి తెలియాలి. ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ మింగుతాడు, ఏ మాట తర్వాత రెండడుగులు నడిచి అప్పుడు మిగతాది చెబుతాడు, ఇవన్నీ ఒంట్లోకి ఎక్కాలి.

మన నాటకరంగంలో ఇది ఇప్పటికే తెలిసిన మనిషి ఒకడున్నాడు. వాడే ప్రాంప్టర్. స్క్రిప్టు మీద వేలు, నటుడి పెదవుల మీద కన్ను, ఇది వాడి రోజువారీ పని. అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను: కొత్త ఉద్యోగం పుట్టించక్కర్లేదు. ప్రాంప్టర్‌ని ప్రేక్షకుల వైపు తిప్పి కూర్చోబెడితే చాలు. ప్రాంప్టర్ దొరక్కపోతే లైటింగ్ చూసేవాళ్ళు. మాటను పట్టుకుని డిమ్మర్ లేపి వెలుతురు పెంచే అలవాటు వాళ్ళకుంది.

అయితే ప్రాంప్టర్‌కి ఒక అలవాటు మాన్పించాలి. ప్రాంప్టింగ్ అంటే నటుడికన్నా ముందుండటం. మాట అందించేవాడు అరక్షణం ముందు అందించకపోతే ఆ సహాయం వృథా. క్యాప్షన్‌లో ఆ అరక్షణమే కొంప ముంచుతుంది. హాస్యం మాట తెరమీద ముందు పడితే చదివినవాళ్ళు ముందు నవ్వుతారు, నటుడు మాట పూర్తిచేసేసరికి నవ్వు అయిపోయి ఉంటుంది. హాలు సగం సగం నవ్వుతుంది. ఏ నటుడైనా దీన్ని క్షమించడు, క్షమించక్కర్లేదు కూడా. అనుభవం ఉన్న ప్రాంప్టర్లు ఈ పనిలో మొదటి వారం పడే అవస్థంతా ఇదే. వేలు తొందరపడుతూ ఉంటుంది.

కోయడమే అసలు చదువు

స్క్రిప్టును ముక్కలు చేయడం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. తరగతిలో చూపించడానికి నేనే రాసుకున్న ఒక చిన్న సంభాషణ తీసుకుందాం. ముసలి రైతు రాఘవయ్య కోడలితో అంటాడు: "పొలం అమ్మను. మీ మామ బతికుండగా ఆ మాట ఎత్తొద్దు. కానీ తాళాలు మాత్రం... ఇదిగో, నువ్వే ఉంచు."

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఇది ఇచ్చి కోయమంటే, అందరూ చేసేది ఒకటే: ఇది రెండు లైన్లలో పడుతుంది కదా అని ఒకే ముక్కగా పెట్టేస్తారు. చదివే ప్రేక్షకుడికి ఏమవుతుంది? రాఘవయ్య "పొలం అమ్మను" అని గర్జిస్తుండగానే తాళాలు ఇచ్చేస్తాడని తెలిసిపోతుంది. ముసలాయన మొహంలో కోపం కరగడం, జేబులో చెయ్యి పెట్టడం, ఆ మౌనం, ఏదీ మిగలదు. వినేవాళ్ళకు దక్కిన నాటకం చదివేవాళ్ళకు దక్కదు. దీన్ని మూడు ముక్కలు చేయాలి. మొదటిది "ఎత్తొద్దు" దగ్గర ఆగాలి. రెండోది "కానీ తాళాలు మాత్రం..." అంతే. తర్వాత తెర అలాగే ఉండాలి, ఆయన జేబు తడుముకుంటున్నంతసేపూ. చెయ్యి బయటికి వచ్చి ముందుకు చాచినప్పుడు మూడోది, "ఇదిగో, నువ్వే ఉంచు." ఈ మూడో ముక్కను ఎప్పుడు వదలాలో ఏ కాగితం మీదా ఉండదు. రిహార్సల్లో ఆ నటుణ్ణి నాలుగుసార్లు చూసినవాడికే తెలుస్తుంది.

ముక్క ఎంత పొడుగుండాలి అనేదానికి ఇంగ్లీషులో నిమిషానికి ఇన్ని పదాలు అనే లెక్కలున్నాయి. అవి మనకు పనికిరావు. "వెళ్ళిపోవాల్సివచ్చిందంటున్నాడు" అన్నది మన లెక్కలో ఒకే పదం. తెలుగుకు అక్షరాలు లెక్కపెట్టుకోవాలి. నేను పెట్టుకున్న హద్దు లైనుకు పాతిక అక్షరాలు, ఒకసారికి రెండు లైన్లు. లైను విరిచేచోట మాటను కూడా చూసుకోవాలి. "వస్తాను" అనేది ఒక లైను చివర, "అనుకోకు" అనేది తర్వాతి లైను మొదట పడితే, చదివేవాడు "వస్తాను" దగ్గరే ఒక అర్థం తీసేసుకుంటాడు.

చప్పుళ్ళ విషయంలో ఒకే నియమం: కంటికి కనపడేది రాయొద్దు, చెవికి మాత్రమే తెలిసేది వదలొద్దు. నటుడు ఏడుస్తున్నాడని రాయక్కర్లేదు, చూస్తూనే ఉన్నారు. (తలుపు తట్టిన చప్పుడు), (పక్కగదిలో పసిపిల్ల ఏడుపు), ఇవి రాయాలి. లేకపోతే ఆ పాత్ర ఉలిక్కిపడి ఎందుకు లేచిందో అర్థం కాదు. సంగీతం దగ్గర చాలామంది (విషాద సంగీతం) అని రాసి ఊరుకుంటారు. నేను మ్యూజిక్ ఆపరేటర్ని, నాకు అది నచ్చదు. (వయొలిన్ ఒక్కటే, సన్నగా) అంటే చదివినవాడికి కొంతైనా వినపడుతుంది. అలాగే తెరలోపలి నుంచి ఎవరైనా మాట్లాడితే పేరు తప్పనిసరిగా పెట్టాలి, ఎందుకంటే పెదవులు చూసే అవకాశం కూడా అక్కడ ఉండదు.

పద్యం వచ్చినప్పుడు

సాంఘిక నాటిక వరకు ఇదంతా పట్టుబడుతుంది. పౌరాణిక పద్యనాటకం దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మారిపోతాయి. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటే ఒక పాదం ఎప్పుడు పూర్తవుతుందో హార్మోనియం వాయించేవారికి కూడా ముందే తెలియదు. ఒక మాట మీద నిమిషం రాగం తీయొచ్చు. అంతసేపూ తెరమీద ఏముండాలి? నా మటుకు నేను, ఆ పాదాన్ని అలాగే ఉంచి, పక్కన (రాగాలాపన) అని చిన్నగా చూపిస్తాను. తెర ఖాళీ చేస్తే యంత్రం చెడిపోయిందేమో అనుకుంటారు. తర్వాతి పాదం ముందే వేస్తే నటుడి గొప్పతనం పోతుంది.

పద్యాన్ని పాదాలుగా విరవాలా, అర్థాన్ని బట్టి విరవాలా అన్న తగువు కూడా ఉంది. పద్యంలో మాటలు పాదం దాటి ప్రవహిస్తాయి. పాదం చివర మాట సగంలో తెగితే చదవడానికి ఇబ్బంది. కానీ గాయకుడు మాత్రం చాలాసార్లు యతి దగ్గరా, పాదం చివరా ఊపిరి తీసుకుంటాడు. ఇక్కడ పుస్తకాన్ని పక్కనబెట్టి గాయకుణ్ణి నమ్మాలి. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే కోయాలి. అదే పద్యం ఇంకో నటుడు పాడితే కోతలు మార్చుకోవాలి. అంటే పద్యనాటకానికి ఒకసారి చేసిన క్యాప్షన్ ఫైలు ఇంకో ట్రూపుకు నేరుగా పనికిరాదు. ఈ మాట నిర్వాహకులకు ముందే చెప్పి ఉంచాలి.

ఆపైన "వన్స్ మోర్!" మన హాళ్ళలో తప్ప ఇంకెక్కడా క్యాప్షన్ వేసేవాడికి ఈ పరీక్ష ఉండదనుకుంటాను. ఈలలు పడతాయి, నటుడు చిరునవ్వుతో మళ్ళీ మొదలుపెడతాడు, ఒక్కోసారి మూడో పాదం నుంచి. క్యాప్షన్ వేసేవాడు మూడు సెకన్లలో వెనక్కి వెళ్ళాలి. పవర్‌పాయింట్‌లో ప్రదర్శన నడుస్తుండగానే స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. అందుకే స్క్రిప్టు కాగితం మార్జిన్‌లో ప్రతి ముక్కకూ ఎర్ర ఇంకుతో నంబరు వేసుకోవడం మొదటి రోజే నేర్పించాలి. నటుడు అర పేజీ దాటేసినా ఆదుకునేది ఆ నంబరే. కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లబడుతుంది. నటుడు స్క్రిప్టులో లేని మాటలు అల్లుతున్నప్పుడు దాన్ని వాడాలి. వాళ్ళు అనని మాట తెరమీద పెట్టడం కన్నా నలుపు నయం. ఇంకా మంచిది, (సొంత మాటలు) అన్న స్లైడు ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం. కనీసం తాను ఏదో కోల్పోతున్నానన్న సంగతి ప్రేక్షకుడికి దాచకుండా చెప్పినట్టవుతుంది.

మాట విని దానంతటదే రాసే ఫోన్ యాప్‌లు ఉండగా ఇంత కష్టం దేనికని అడుగుతారు. ఒకరే మైకు దగ్గర నిలబడి ఉపన్యాసం ఇస్తుంటే అవి కొంత పనిచేస్తాయి. హ్యాంగింగ్ మైకుల కింద నలుగురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడే సీనులో, తబలా నడుమ పాడే పద్యంలో, గుంటూరు యాసలో విసిరే సామెతలో అవి తడబడతాయి. పైగా అవి మాట అయిపోయాక రాస్తాయి. మా మామయ్య ఆలస్యం మళ్ళీ మొదటికి వస్తుంది.

అక్షరం, తెర

స్క్రిప్టు ఫైలు మనకు సాధారణంగా డీటీపీ చేసినవాళ్ళ దగ్గర నుంచి అను ఫాంట్లలో వస్తుంది. అది అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కాదు. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గుట్టలా కనిపిస్తుంది. కన్వర్టర్‌తో మార్చి, తర్వాత ఒకసారి మొత్తం చదివి ఒత్తులు సరిచూసుకోవాలి. దీనికి ఒక రోజు పూర్తిగా పక్కనపెట్టుకోండి.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి గనక లైన్ల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఖాళీ వదలాలి. సన్నటి గీతలున్న అందమైన ఫాంట్లు వెనక వరసకు మాయమైపోతాయి. నోటో శాన్స్ తెలుగు లాంటి సమానమైన మందం ఉన్నది మేలు. షాపుల ముందు ఎర్రగా పరుగెత్తే ఎల్‌ఈడీ బోర్డులు చవగ్గా వస్తాయని కొందరు సలహా ఇస్తారు. వాటిలో ఎక్కువగా వాడే పీ10 పలకకు ఎత్తు 16 చుక్కలే. ఆ పదహారు చుక్కల్లో "స్త్రీ" రాసి చూడండి. సకారం, కింద తకారం ఒత్తు, రకారం ఒత్తు, పైన గుడిదీర్ఘం. ఏదో ఒక మరక కనిపిస్తుంది.

ప్రొజెక్టర్ వాడితే ఇంకో చిక్కు. దాని నలుపు నిజమైన నలుపు కాదు, పలచటి బూడిదరంగు వెలుతురు. ఒకచోట మేం ప్రొజెక్టర్‌తో వేసినప్పుడు, హత్య సీను కోసం లైట్లన్నీ ఆర్పితే, క్యాప్షన్ తెర వెలుగులో నటుడు లేచి నడుచుకుంటూ లోపలికి వెళ్ళడం హాలంతా చూసింది. లైటింగ్ చూసే ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తప్పు నాదే, ఆయన్ని ముందు అడగలేదు. అప్పటి నుంచి ప్రొజెక్టర్ లెన్సు ముందు అట్టముక్క పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. వీలైతే స్టేజికి పక్కన పెద్ద టీవీ నిలబెట్టి, వెలుతురు బాగా తగ్గించి, నలుపు మీద లేత పసుపు అక్షరాలు వాడటమే మంచిది. ఆ టీవీ నటుడి మొహానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. కన్ను అక్షరానికీ మొహానికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ అభినయం పోతుంది. టికెట్లు ఇచ్చేటప్పుడే ఏ సీట్ల నుంచి తెర బాగా కనిపిస్తుందో చెప్పి, ఆ సీట్లు అవసరమైనవారికి ఉంచాలి.

శిక్షణ ఎలా ఉండాలి అంటే, నేను మొదటి రోజు కంప్యూటర్ తెరవను. చెవుల్లో దూది, పైన ఫ్యాక్టరీల్లో వాడే చెవికప్పులు పెట్టించి, తెలియని నాటికలో ఇరవై నిమిషాలు చూపిస్తాను. బయటికి వచ్చాక కథ చెప్పమంటాను. ఎవరూ సరిగా చెప్పలేరు, ఎక్కడ పట్టు జారిందో మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత కోతలు. తర్వాత రిహార్సల్ రికార్డింగు పెట్టుకుని నొక్కడం. రికార్డింగుతో బాగా చేసినవాడు నిజం నటుడి ముందు తడబడతాడు, కనుక కనీసం మూడు పూర్తి రిహార్సళ్ళకు కూర్చోవాలి. ప్రదర్శన రోజున ఇద్దరుండాలి: ఒకరు స్టేజి చూస్తూ నొక్కడానికి, ఒకరు కాగితం మీద వేలుపెట్టి నంబరు అందించడానికి. ఇద్దరి పేర్లూ లైటింగ్, మేకప్ వాళ్ళ పేర్లతో పాటు స్టేజి మీద చదవాలి, డబ్బులూ వాళ్ళతో సమానంగా ఇవ్వాలి. చివరి రిహార్సల్‌కి వినికిడి లేనివారిని ఒకరిని పిలిచి, వాళ్ళు చెప్పినట్టు దిద్దుకోవాలి. అదీ ఉచితంగా అడగకూడదు.

రచయితల భయం ఒకటుంది: స్క్రిప్టు ఫైలు ఇస్తే బయటికి పోతుందని. న్యాయమైన భయమే. ప్రదర్శన అవగానే రచయిత కళ్ళముందే ఫైలు తీసేస్తామని కాగితం మీద రాసిస్తే చాలామంది ఒప్పుకుంటున్నారు. పోటీలది వేరే సమస్య. 2023 డిసెంబరులో గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగిన నంది నాటకోత్సవాల్లాంటి చోట ఒకే వేదిక మీద రోజుకు ఎన్నో ప్రదర్శనలు. మధ్యలో సెట్టు మార్చుకోవడానికే సమయం చాలదు, ఎవరి తెర వాళ్ళు తెచ్చుకుని బిగించడం కుదరదు. తెర హాలుకే ఉండాలి, ట్రూపు పెన్‌డ్రైవ్‌తో వస్తే సరిపోవాలి. నాటక పోటీలు నడిపే పరిషత్తులకు స్క్రిప్టులు ముందే పంపే అలవాటు ఎలాగూ ఉంది గనక, వాటితో పాటే క్యాప్షన్ ఫైలు అడిగితే ఒక్క ఏడాదిలో దారిలో పడుతుంది.

మొన్న ఒక నాటికకు చివరి రిహార్సల్లో పరీక్షకుడిగా మా మామయ్యనే కూర్చోబెట్టాను. గంటసేపు కదలకుండా చూశారు. రెండుచోట్ల అందరితోపాటే నవ్వారు, నా వైపు తిరగలేదు. అయ్యాక మెచ్చుకుంటారని దగ్గరికి వెళ్ళాను. జేబులోంచి చీటీ తీశారు.

"మూడో సీన్లో వాడి పెదాలు 'అమ్మాయీ' అన్నాయిరా. నీ తెరమీద 'అమ్మా' అని పడింది. చూసుకో."

స్క్రిప్టు తీసి చూశాను. డీటీపీలో పోయిన అక్షరాలు. ప్రాంప్టర్ దగ్గరున్న పాత చేతిరాత ప్రతిలో "అమ్మాయీ" అనే ఉంది.